ఊదారంగు గంట, బఠానీ అంత కాయ

2021 డిసెంబరులో ఒక రాత్రి నాన్న ఫోన్ చేసి, "పూత నిలవట్లేదమ్మా" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. మిరప రైతు ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆ మాట చాలు. ఆ ఏడు నల్ల తామర పురుగు గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా మిరప చేలను ఊడ్చేసింది. పువ్వు కోసి అరచేతిలో దులిపితే నువ్వుగింజలో సగం కూడా లేని నల్లటి పురుగులు గుంపుగా రాలేవి. రెండు రోజుల్లో పువ్వూ రాలేది. మందు మీద మందు కొట్టారు. చివరికి మా ఊళ్ళో కొందరు చేను దున్నేశారు. ఆ ఏడాది మా కల్లంలో ఆరబోసిన కాయ కంటే ఏరి పక్కన పెట్టిన తాలు కాయే ఎక్కువ.

నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివి, తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినదాన్ని. నాన్నకి పనికొచ్చే సాయం నా చేతిలో ఏదీ లేదు. ఆ టెన్షన్‌లో రాత్రిళ్ళు కూర్చుని మిరప గురించి దొరికిందల్లా చదివాను. మిరపకి అడవి చుట్టాలున్నాయని, వాటిలో తెగుళ్ళనీ పురుగులనీ తట్టుకునే గుణాలు ఉండొచ్చని, వాటిని మన పంటలోకి తేవచ్చని చాలాచోట్ల రాశారు. ప్రతిచోటా ఒకే మాట: "జన్యు నిధి". అలా చదువుతూ చదువుతూ బొలీవియాలో కొండ లోయల్లో పెరిగే ఒక అడవి మిరప దగ్గర ఆగాను. శాస్త్రీయ నామం క్యాప్సికమ్ కార్డెనాసీ. అక్కడివాళ్ళు పిలిచే పేరు ఉలుపికా.

పనికొచ్చే గుణం కోసమే వెతుకుతున్నాను. కానీ ఆ మొక్క వర్ణన చదువుతున్నంతసేపూ ఏదో నన్ను పట్టి కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాలో ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. అడవి మొక్కని 'నిధి' అనడం దాన్ని గౌరవించడం కాదు, చూడకుండా దాటిపోవడం. నిధి అన్నాక తవ్వి తీసుకోవడమే మిగులుతుంది. ముందు అది ఎలా ఉంది, ఎక్కడ ఉంది, ఎలా బతుకుతోంది అని తాపీగా చూడాలి. అది తీరిక ఉన్నవాళ్ళు చేసే పని అనుకోవద్దు. ఆ చూపు లేకపోతే ఉపయోగం కూడా మన చేతికి రాదని నా వాదన. అందుకే ముందు మొక్కని చూపిస్తాను, వాదన తర్వాత.

బొలీవియాలోని లాపాజ్ నగరం సముద్రమట్టానికి దాదాపు 3,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి నదులు కొండల్ని కోసుకుంటూ కిందికి దిగుతాయి. ఆ కోతల్లో ఏర్పడిన లోయలు పొడి లోయలు. వాన తక్కువ, ఎండ చురుక్కుమంటుంది, రాత్రి చలి. బ్రహ్మజెముడు జాతులు, మన సర్కారు తుమ్మ వంశానికే చెందిన ముళ్ళ చెట్లు, మొయ్యే అనే ఘాటు వాసన చెట్లు అక్కడ పెరుగుతాయి. లాపాజ్ ప్రాంతంలోని అలాంటి లోయల్లో, ఎత్తయిన వాలుల మీద, ఉలుపికా పెరుగుతుంది. బొలీవియా దాటి ఇంకే దేశంలోనూ అది తనంతట తాను పెరగదు.

మిరప మొక్క అనగానే మన కళ్ళ ముందుకి వచ్చేది నారు పోసి, సాలు పట్టి నాటి, ఆరేడు నెలల్లో పీకేసే మొక్క. ఉలుపికా అలాంటిది కాదు. అది పొద. మొదలు దగ్గర కాండం చెక్కలా గట్టిపడుతుంది. మనిషి నడుము ఎత్తుకో, ఛాతీ ఎత్తుకో పెరుగుతుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది. నిజానికి మన మిరప కూడా ఏడాది మొక్క కాదు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దానికి క్యాప్సికమ్ ఆన్యుయమ్, అంటే 'ఏడాది మిరప', అని పేరు పెట్టాడు. చలి దేశంలో పెంచితే ఏడాదికే చచ్చిపోతుంది మరి. మా బాల్కనీ కుండీలో ఉన్న మిరపకి ఇది నాలుగో ఏడు, దాని మొదలు నా బొటనవేలంత లావైంది. మనం బతకనివ్వం కాబట్టి అది ఏడాది పంట అయింది.

కొమ్మలు చీలే తీరు చూడండి. మిరప రైతులందరికీ తెలిసిన సంగతే ఇది. మొక్క ఒక ఎత్తుకి రాగానే రెండుగా చీలుతుంది, ఆ చీలిక దగ్గరే మొదటి పువ్వు వస్తుంది. మళ్ళీ ప్రతి కొమ్మా రెండుగా చీలుతుంది. ఆ చీలికల దగ్గర ఆకులు జంటగా ఉంటాయి, ఒకటి పెద్దది, పక్కనే ఒకటి చిన్నది. అక్కపక్కన చెల్లెలు నిలబడ్డట్టు. ఈ జంటాకుల పద్ధతి మిరప జాతిలో మామూలే. ఉలుపికాలోనూ అంతే. చేలో రోజూ తిరిగినదాన్ని అయినా, వర్ణనలో 'జంటాకులు' అనే మాట చదివాకే బాల్కనీలోకి వెళ్ళి మా మొక్క దగ్గర వంగి చూశాను. ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ నా కళ్ళ ముందు ఉన్నాయి.

ఇక పువ్వు. ఉలుపికా దగ్గర నన్ను ఆపేసింది పువ్వే.

మన మిరప పువ్వు తెల్లగా, విచ్చుకున్న చుక్కలా ఉంటుంది. రేకులు పల్చగా పక్కలకి పరుచుకుంటాయి. ఉలుపికా పువ్వు గంట. రేకులు చాలావరకు కలిసిపోయి గిన్నెలా మారి, అంచు దగ్గర మాత్రమే చిన్న చిన్న మొనలుగా విడిపోతాయి. రంగు ఊదా. గంట అడుగుకి వెళ్ళేకొద్దీ ఆ ఊదా పల్చబడి, లోపల లేత పసుపాకుపచ్చ అవుతుంది. పక్కన మిరపకాయ లేకపోతే దీన్ని మిరప పువ్వని మా ఊళ్ళో ఎవ్వరూ ఒప్పుకోరు. వంగపువ్వు చెల్లెలంటే ఒప్పుకుంటారేమో. అదీ తప్పేం కాదు, వంగ, టమాటా, బంగాళాదుంప, పొగాకు, ఉమ్మెత్త, గట్ల మీద కామంచి, నేలవాకుడు, అన్నీ ఈ కుటుంబమే.

అయితే పువ్వు లోపలికి వెళ్తే వంగకీ మిరపకీ తేడా తెలుస్తుంది. దీన్ని మీరే చూడొచ్చు, పది రూపాయల భూతద్దం చాలు. వంగపువ్వు మధ్యలో పసుపు పరాగకోశాలు నిలువుగా నిలబడి ఉంటాయి. వాటి కొసన సూదిమొన అంత రంధ్రం ఉంటుంది, పుప్పొడి అందులోంచే రాలుతుంది. అందుకే తుమ్మెద వచ్చి, రెక్కల కండరాలతో గట్టిగా వణికి పువ్వుని దులపాలి. మిరపలో అలా కాదు. పరాగకోశం నిలువునా పగులుతుంది, చింతకాయ పెంకు చీలినట్టు. మొన్న ఆదివారం పొద్దున మా కుండీలో పువ్వు కోసి చూశాను. ఎనిమిదింటికి పరాగకోశాలు నీలిరంగులో మూసుకునే ఉన్నాయి. పదిన్నరకి ఒకటి మధ్యలో చీలింది, అంచులు వెనక్కి తిరిగాయి, లోపల పిండిలాంటి పుప్పొడి. పదకొండున్నరకి అయిదూ చీలాయి. అండాశయం అడుగున భూతద్దానికి తడిగా మెరిసేది మకరందం. వంగపువ్వులో అది దొరకదు.

ఉలుపికా లాంటి పొద వర్ణనలో 'పరాగకోశాలు నిలువుగా పగులును' అని ఒక్క ముక్క రాస్తారు. చదివితే పొడి మాట. కానీ ఆ మొక్క వంగజాతి వైపుదా, మిరపజాతి వైపుదా అనేది తేల్చేవాటిలో అదొకటి. ఆ వాక్యం రాసినవాళ్ళు ఏదో ఒక రోజు పొద్దున పువ్వు ముందు వంగి కూర్చున్నారు. నేను వాళ్ళని నమ్ముతాను.

పువ్వు కింద ఆకుపచ్చ టోపీ ఉంటుంది, మనం కారం పట్టించేముందు తొడిమతోపాటు లాగేసేది. మామూలుగా చాలా పువ్వుల్లో ఈ టోపీ అంచే చీలి పళ్ళలా అవుతుంది. మిరపజాతిలో వేరు. అంచు సాపుగా, కత్తిరించినట్టు ఉంటుంది. పళ్ళలా కనిపించేవి ఆ అంచు కొంచెం కిందనుంచి పొడుచుకొస్తాయి. కొన్ని అడవి మిరపల్లో అవి పొడుగ్గా కొమ్ముల్లా ఉంటాయి, కొన్నింటిలో అసలుండవు. ఉలుపికాలో పొట్టిగా అయిదు ఉంటాయి. గుంటూరు యార్డులో టిక్కీలకి టిక్కీలు ఎత్తి దించే కాయలన్నిటి నెత్తినా ఈ టోపీ ఉంటుంది. దాని అంచు ఎలా ఉందో ఎన్నడూ ఎవరూ అడగరు.

కాయ బఠానీ గింజంత. గుండ్రంగా, పండితే ఎర్రగా. చిన్నదే కానీ కారం ఘాటుగా ఉంటుంది. పండగానే తొడిమనుంచి సులువుగా ఊడి వస్తుంది. రైతు ఆలోచన ప్రకారం అయితే ఇది పెద్ద లోపం. ముట్టుకుంటే రాలిపోయే కాయని కోత కూలీలు ఎలా కోస్తారు? వేల ఏళ్ళుగా మనుషులు మిరపని పెంచుతూ ఈ రాలే గుణాన్నే ఏరి పారేశారు. కాయ పెద్దది కావాలి, తొడిమని గట్టిగా పట్టుకోవాలి, ఆకుల చాటున కిందికి వేలాడాలి. అడవి మిరపల్లో చాలావాటికి కాయ పైకి చూస్తుంది, ఆకుల మధ్య ఎర్రగా కనబడుతుంది, అందుకోగానే ఊడుతుంది. అదంతా పిట్టల కోసం.

కారం సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కారం మన కోసం పుట్టిందని మనం లోలోపల నమ్ముతాం. మిరపలో కారం గింజలో ఉండదు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో తయారవుతుంది. ఆ పదార్థం క్యాప్సైసిన్. మన నాలుక మీద, చర్మంలో, వేడిని కనిపెట్టే ఒక గ్రాహకం ఉంటుంది. క్యాప్సైసిన్ తగిలితే అది 'కాలుతోంది' అని కబురు పంపుతుంది. నిజంగా కాలదు, కబురు మాత్రం నిజం. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించింది, 2021లో ఆయన నోబెల్ పంచుకున్నాడు. కోడిలో ఉండే ఇదే గ్రాహకం క్యాప్సైసిన్‌ని పట్టించుకోదని 2002లో అదే ప్రయోగశాల చూపించింది. పిట్టలకి మిరపకాయ కారంగా ఉండదు. మా చేలో రామచిలుకలు పండుమిరపకాయలు ఒలుచుకు తింటుంటే 'దాని నోరు మండదా' అని చిన్నప్పుడు అడిగేదాన్ని. 'దానికి అలవాటే' అనేది నానమ్మ. అలవాటు కాదు, మంట అనే కబురే దానికి చేరదు.

ఎలుక జాతి జంతువులకి చేరుతుంది. అవి గింజని కొరికి పాడుచేస్తాయి. పిట్టలు చాలావరకు కాయని మింగి, గింజని ఎక్కడో వేస్తాయి. 2001లో ట్యూక్స్‌బరీ, నభాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలోని ఆరిజోనాలో అడవి మిరప మీద ఈ సంగతి చూపించారు. తర్వాత ట్యూక్స్‌బరీ బృందమే బొలీవియాకి వెళ్ళింది. అక్కడ చాకో అనే మైదాన ప్రాంతపు పొదల్లో పెరిగే ఇంకో అడవి మిరప ఉంది, క్యాప్సికమ్ చాకోయెన్సె. దానిలో ఒక వింత: ఒకేచోట, పక్కపక్కనే, కారం ఉన్న మొక్కలూ ఉంటాయి, కారం లేనివీ ఉంటాయి. నల్లి జాతి పురుగులు కాయని సూదిలాంటి నోటితో గుచ్చితే, ఆ రంధ్రాల్లోంచి బూజు లోపలికి వెళ్ళి గింజని కుళ్ళబెడుతుంది. కారం ఆ బూజుని అడ్డుకుంటుంది. 2008లో అచ్చయిన ఆ పరిశోధన చెప్పింది ఇదే. మరి కారం అంత మంచిదైతే అన్ని మొక్కలూ ఎందుకు కారంగా లేవు? 2012లో దానికి జవాబు దొరికింది. నీళ్ళు కరువైనప్పుడు కారం మొక్కలు కారం లేని మొక్కల కంటే తక్కువ గింజలు కడతాయి. కారానికి మొక్క ఖరీదు చెల్లిస్తోంది. తేమ ఉన్నచోట బూజు భయం ఎక్కువ కాబట్టి ఆ ఖరీదు గిట్టుబాటు అవుతుంది. ఎండిన నేలలో గిట్టదు.

ఇది చదివిన రోజు నేను కాసేపు లేచి అటూ ఇటూ తిరిగాను. కొరివికారం అన్నంలో కలుపుకునేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఇష్టంగా తింటామే, ఆ మంట మూలం ఇది. ఎక్కడో కొండల్లో, పొదల్లో, ఒక పురుగు గుచ్చిన రంధ్రానికీ ఒక బూజుకీ ఒక గింజకీ మధ్య జరిగిన పోరాటం. మనం ఆ పోరాటంలో లేము. చాలా ఆలస్యంగా వచ్చిన చుట్టాలం.

చుట్టరికం విషయంలో ఒక పొరపాటు సరిదిద్దాలి. 'అడవి మిరప' అనగానే మన మిరపకి అమ్మమ్మ అనుకుంటారు. ఉలుపికా అమ్మమ్మ కాదు. మన గుంటూరు సన్నం, తేజ, బ్యాడిగి, అన్నీ క్యాప్సికమ్ ఆన్యుయమ్. దాన్ని మచ్చిక చేసింది మెక్సికో వైపు. మొత్తం మిరప జాతికి పుట్టిల్లు మాత్రం ఆండీస్ కొండలు. 2022లో అర్జెంటీనా శాస్త్రవేత్త గ్లోరియా బార్బోజా తన బృందంతో రాసిన సమగ్ర గ్రంథంలో ఈ జాతిలో 43 రకాల మొక్కలున్నాయని లెక్క తేల్చారు. వాటిలో మనుషులు మచ్చిక చేసినవి అయిదే. ఉలుపికా మనకి దూరపు దాయాది. అంత దూరం కాబట్టే మన మిరపతో సంకరం చేద్దామంటే సులువుగా కలవదు. 'జన్యు నిధి' అని రాసేవాళ్ళు ఈ ముక్కని చాలాసార్లు దాటేస్తారు.

పేర్ల సంగతి కూడా నాకు మనసుకి పట్టేది. క్యాప్సికమ్ చైనెన్సె అని ఒక మిరప ఉంది. ఘాటైన హబనెరో అందులోదే. 1776లో జాకిన్ అనే వృక్షశాస్త్రవేత్త అది చైనానుంచి వచ్చిందనుకుని ఆ పేరు పెట్టాడు. అది దక్షిణ అమెరికాది. తప్పని తెలిసినా పేరు మారదు, నామకరణ నియమాలు అలాంటివి. ఉలుపికాకి మాత్రం మంచి పేరే దొరికింది. 1958లో చార్లెస్ హైజర్, పాల్ స్మిత్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని కొత్త మొక్కగా వర్ణించి, మార్టిన్ కార్డెనాస్ పేరు పెట్టారు. ఆయన 1899లో బొలీవియాలోని కొచబాంబలో పుట్టినవాడు. తన దేశపు బంగాళాదుంపల్నీ బ్రహ్మజెముళ్ళనీ జీవితమంతా వెతికి నమోదు చేసినవాడు. అక్కడి మనిషి పేరు అక్కడి మొక్కకి.

కానీ ఆ వర్ణన భాష? 1935 నుంచి 2011 చివరి దాకా కొత్త మొక్కని శాస్త్రం గుర్తించాలంటే వర్ణన లాటిన్‌లో ఉండి తీరాలి. 2012 నుంచి ఇంగ్లీషు కూడా చెల్లుతుంది. ఈ రెండే. స్పానిష్ చెల్లదు, ఆ లోయల్లో మాట్లాడే ఐమారా చెల్లదు, తెలుగు చెల్లదు. ప్రపంచానికంతటికీ ఒక ఉమ్మడి భాష ఉండాలన్న నియమం నాకు అర్థమవుతుంది, దానితో నాకు పేచీ లేదు. నా బాధ వేరు. నియమం అడిగిన భాషలో ఒకసారి రాశాక, ఇంకే భాషలోనూ ఎవరూ రాయరు. మిరపని మన అంత ప్రేమించే జనం తక్కువ. మిరప మీద మన భాషలో దొరికేది ఏ మందు ఎంత మోతాదు, ధర ఎంత, అంతే. పువ్వు ఎలా ఉంటుందో చెప్పే పేజీ కోసం చాలా వెతికాను. పాఠ్యపుస్తకాల్లో 'రక్షక పత్రావళి', 'ఆకర్షక పత్రావళి' అని ఉంది. పరీక్ష రాసి మర్చిపోయే మాటలు. మా నాన్నకి ఆ మాటలు తెలియవు, ఆ వస్తువులు మాత్రం తెలుసు. టోపీ, రేకు, పుప్పొడి, ఈనె, ఇలాంటి మాటలతో ఒక మొక్కని పూర్తిగా వర్ణించొచ్చని ఇందాకటినుంచీ నేను చూపించడానికి ప్రయత్నిస్తున్నాను.

ఎండు నమూనాల సంగతి ఒకటి. మొక్కని కాగితాల మధ్య అదిమి ఎండబెట్టి అట్టమీద అంటిస్తారు. వందేళ్ళైనా ఉంటుంది. కానీ ఊదారంగు నిలవదు, గోధుమరంగుకి తిరిగిపోతుంది. గంట ఆకారం అణిగిపోతుంది. అందుకే సేకరించేవాళ్ళు అక్కడే, పొద ముందు నిలబడి, 'పువ్వు ఊదా, గొంతు పసుపాకుపచ్చ' అని చీటీ మీద రాసుకోవాలి. ఆ చీటీ రాయకపోతే రంగు పోయినట్టే. ఆ రంగు ఎంత ముఖ్యమంటే, ఊదా పువ్వుల మిరపలన్నీ ఒకే కుదురని చాలాకాలం అనుకున్నారు. బొలీవియాలో ఇంటింటా వాడే లొకోటో మిరప కూడా ఊదా పువ్వే, నల్లటి గింజలు, నూగు ఆకులు. అది ఉలుపికాకి తోబుట్టువు అనుకున్నారు. తర్వాత డీఎన్‌ఏ చూస్తే లొకోటో వేరే కొమ్మ అని తేలింది. రంగు ఒక్కటే చూసి తేల్చకూడదని అర్థమైంది. కానీ రంగు రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టే ఆ ప్రశ్న పుట్టింది, జవాబు దొరికింది.

ఇప్పుడు నాన్న మాట. ఇదంతా ఒకసారి ఇంటికెళ్ళినప్పుడు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, "బాగుంది కానీ అమ్మా, ఆ మొక్క నల్ల తామరని ఆపుద్దా?" అన్నాడు.

ఆ ప్రశ్న ముందు నేను తలెత్తుకుని నిలబడలేకపోతే ఈ వ్యాసానికి విలువ లేదు. అప్పుల్లో ఉన్న రైతుకి పువ్వు రంగు చెప్పడం క్రూరత్వమే అవుతుంది, అంతటితో ఆగితే. కాబట్టి నాన్నకి చెప్పిందే ఇక్కడ చెబుతాను. ఆపుతుందని నేను చెప్పలేదు. కానీ ఎవరైనా ఏ అడవి మిరపలోనైనా అలాంటి గుణం వెతకాలంటే ముందు అది బతికి ఉండాలి. ఉలుపికా ఎలా బతుకుతుందో వర్ణనలోనే ఉంది. అది తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. మా కుండీలో మిరప ఒంటరిగా నాలుగేళ్ళుగా కాయలు కాస్తోంది, దానికి తోడు అక్కర్లేదు. ఉలుపికా అలా కాదు. పువ్వు కాయ కట్టాలంటే ఇంకో మొక్క కావాలి, అది కూడా తనకి సరిపడే ఇంకో మొక్క. మధ్యలో పుప్పొడి మోసే పురుగు కావాలి. కాయ అయ్యాక గింజ మోసే పిట్ట కావాలి. ఒక పొదని తెచ్చి తోటలో పెట్టి 'కాపాడాం' అంటే కుదరదు. నాలుగు గింజలు శీతల గిడ్డంగిలో పెడితే ఆ నాలుగే ఉంటాయి. దాని తేడాలన్నీ ఆ లోయలో ఉన్న పొదలన్నిటి మధ్యా పంచుకుని ఉన్నాయి. లోయ ఉండాలి. పొదలు కొట్టేసి, మేకలకి మేపేసి, రోడ్డు వేసి, మిగిలిన ఒక్క మొక్కని చూపించి 'నిధి' అంటే అక్కడ ఏమీ లేదు.

అందుకే వర్ణనకీ ఉపయోగానికీ మధ్య గోడ లేదంటాను. ఉపయోగం కోసమే చూసేవాడు కాయ కోసుకుని వెళ్ళిపోతాడు. మొక్కని మొక్కగా చూసినవాడికి 'ఇది ఒంటరిగా కాయదు' అనే వాక్యం కనిపిస్తుంది. రెండోవాడు లేకుండా మొదటివాడికి కూడా ఎక్కువకాలం ఏమీ దొరకదు.

ఆ లోయల ప్రజలకి ఇది కొత్త సంగతి కాదు. ఉలుపికాని వాళ్ళు ఎక్కువగా పొదల్లోంచి ఏరి తెస్తారు. లాపాజ్ సంతల్లో చిన్న కుప్పలుగా అమ్ముతారు, సిర్కాలో, అంటే వెనిగర్‌లో, ఊరవేస్తారు. వాళ్ళకి యాహ్వా అని ఒక పచ్చడి ఉంది. టమాటా, మిరప, కిర్కిన్యా అనే ఘాటు ఆకు కలిపి నూరతారు. మామూలుగా లొకోటో వేస్తారు, ఉలుపికా దొరికితే ఉలుపికా. నూరేది బటాన్ మీద, బల్లపరుపు రాయి, పైన అటూ ఇటూ ఊపే ఇంకో రాయి. ఆ ఫొటో నాన్నకి చూపించాను. "మన సన్నికల్లే కదా" అన్నాడు. పొత్రం మాత్రం వేరు, అర్ధచంద్రాకారంలో పెద్దది, చేతులతో ఊపుతారు, దొర్లించరు. ఆ తేడా నాన్నే కనిపెట్టాడు.

ఆ తర్వాత పువ్వు ఫొటో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. వేళ్ళతో పెద్దది చేసి, గంట అంచున మొనలు లెక్కపెట్టాడు. "అయిదు. మనదానికి కూడా అయిదే, ఒక్కోసారి ఆరు" అన్నాడు. నలభై ఏళ్ళుగా మిరప వేస్తున్న మనిషి, తన పువ్వుకి రేకులెన్నో నేను అడగకుండానే చెప్పాడు. నాకు తెలియకుండా ఆయన ఎప్పుడో లెక్కపెట్టుకున్నాడు.

"దీనికి నీళ్ళెవరు పెడతారు?"

"ఎవరూ పెట్టరు నాన్నా. వాన పడితే పడినట్టు."

"మందు?"

"లేదు."

ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. కాసేపటికి, వాకిట్లో మంచం వాలుస్తూ, మళ్ళీ అడిగాడు.

"ఏరుకొచ్చేవాళ్ళు విత్తనానికి నాలుగు కాయలు చెట్టుమీద ఉంచి కోస్తారా?"